కాశిలో బస యెచ్చట?

కాశికి టిక్కెట్టు దొరకినంతనే యాత్ర సగము తీరినట్లు తోచును. మిగిలిన సగము బస. ఊరు తెలియనివారు స్టేషను ప్రక్కనే గది చూచుకొందురు. దిగగానే సామాను దించుకొనవచ్చును, నిజమే. కాని వారణాసి జంక్షనునుండి దశాశ్వమేధ ఘట్టము ఇంచుమించు 5 కిలోమీటర్ల దూరము. గోదౌలియా చౌరస్తాకు వచ్చుసరికి ఆటోలు ఆగిపోవును, అటుపై నడకయే. మనవారిలో పెక్కుమంది కాశిలో తొమ్మిది రాత్రులు నిద్రచేయు నియమముతో పోవుదురు. మోకాళ్ల నొప్పులుగల తల్లిని దినమునకు రెండుమారు లింతదూరము త్రిప్పినచో, మూడవనాటికి ఆమె గది విడిచి కదలలేదు. నిద్ర లెక్క నిండును గాని గంగాస్నాన ముండదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన కాశీయాత్ర చరిత్రను విద్యార్థులు భాషకొరకు చదువుదురు; మజిలీలనుగూర్చిన వ్రాతను చూడుడని నేను తరగతిలో చెప్పుచుందును. నీ రెట్టిది, అంగళ్లు కలవా, దిగుటకు చోటు కలదా యని ఆయన విడువక వ్రాసినారు. డేరాలు వెంటగలవారికే అంత విచార మున్నపుడు చేతిసంచితో పోవు మనకు చెప్పనేల!

గంగకు పడమటి గట్టున, దక్షిణమున అస్సీ మొదలు ఉత్తరమున వరుణవరకు 84 ఘట్టములు. నడుమ దశాశ్వమేధము. విశ్వనాథుడును అన్నపూర్ణయు ఆ దాపుననే. 2021 డిసెంబరులో విశ్వనాథధామము ప్రారంభమైన పిదప గంగయొడ్డునుండి ఆలయమునకు నేరుగా త్రోవ యేర్పడినది. రెండు మూడు దినములకు వచ్చినవా రిచ్చట దిగుట మేలు. జనసమ్మర్దము మాత్రము తెల్లవారుజామునుండి హారతి ముగియువరకు తెగదు.

తొమ్మిది రాత్రులవారికి నా మాట కేదారఘట్ట పరిసరము. మానసరోవర ఘట్టముకడ శ్రీరామతారకాంధ్రాశ్రమము కలదు. ఆ సందులలో తెలుగుమాట చెవిని పడుచుండును. కేదారమునకు ప్రక్కనే విజయనగర సంస్థానము పేరిటి ఘట్టము. మరికొంత దక్షిణమున హనుమాన్ ఘట్టము, తెలుగు కుటుంబమున పుట్టిన వల్లభాచార్యులు తుదిదినములు గడపిన చోటు. (మనవారందరు నిటే యుండిరనుకొనరాదు. త్రైలింగస్వామి ఉత్తరమున పంచగంగా ఘట్టముకడ నివసించి 1887లో సిద్ధిపొందిరి.) కేదారమునుండి దశాశ్వమేధమునకు గట్టువెంబడి పావుగంట నడక. చిక్కులును లేకపోలేదు. మెట్లు నిటారు. హరిశ్చంద్ర ఘట్టము చేరువ గనుక చితులు కనబడును. వెంట పిల్లలున్నచో ముందే చెప్పియుంచవలెను. గది మాటలాడునపుడు అద్దెకంటె ముందుగా అడుగవలసినది వేరు: ఆటో ఆగు చోటినుండి ఎంత నడక, గది యెన్నవ అంతస్తు, లిఫ్టు కలదా లేదా. కార్తికమునకును శివరాత్రికిని పోవువారు సత్రములకు చాల ముందుగా వ్రాసికొనవలెను.

విద్యార్థులను గొనిపోవు ఉపాధ్యాయులకు అస్సీ, లంక ప్రాంతములు తగును. 1916లో వెలసిన హిందూ విశ్వవిద్యాలయము, అందలి భారత కళాభవనము, తులసీదాసు పేరిటి ఘట్టము, అన్నియు దగ్గర. లంకలో వీధులు వెడల్పు. నలుబదిమంది పిల్లలను లెక్కపెట్టుకొనుటకు చోటుండును. సారనాథము ఊరికి రెండవకొసను దాటియున్నది కావున దానికొక పూట ప్రత్యేకముగా విడువవలెను.

ఆవలిగట్టు మాటయు వచ్చును. భిక్ష దొరకక కాశిపై కినిసి వెలివడిన వ్యాసుని కథ శ్రీనాథుని పాఠకులకు తెలిసినదే. ఆయన రామనగరమువైపున నిలిచెనని అచ్చటివారు చెప్పుదురు. చవుకయని అటు దిగిన యాత్రికుడు ఎవరిని కోపించి పోయినట్లో!

గంగ కనబడు గదికి హెచ్చు అద్దె యిచ్చుటకు ముందు పంచాంగము చూడవలెను. శ్రావణ భాద్రపదములలో నది పొంగినపుడు మెట్లు మునిగి, ఘట్టమునుండి ఘట్టమునకు గట్టువెంబడి త్రోవ యుండదు; సందులే గతి. దసరా సెలవులనాటికి నీరు తీయును గాని మెట్లపై ఒండ్రు ఇంకను కడుగుచునే యుందురు.

టిక్కెట్టుపై స్టేషను పేరును సరిచూచుకొనవలెను. మనవైపునుండి పోవు కొన్ని రైళ్లు 2018వరకు మొగల్‌సరాయి యనబడిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షనులో దింపిపోవును. అది గంగకు ఆవల నున్నది. రాత్రివేళ దిగువారు కాశిలోని బసవరకు బండిని ముందే మాటలాడుకొందురు గాక.