పెట్టె మీద దీపాలు ఏం చెబుతున్నాయి?

పాలు పొంగబోతుంటే చప్పుడు చెబుతుంది. పోపు మాడుతుంటే వాసన చెబుతుంది. మరి ముందుగది గోడకి బిగించిన ఇంటర్నెట్ పెట్టె? అదీ చెబుతుంది. కాకపోతే దానిది దీపాల భాష!

మన కోనసీమకి ఈ పెట్టె కొత్తేం కాదు. అంతర్వేది దగ్గరి మోరి గ్రామానికి 2016 డిసెంబరులోనే ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. ఇప్పుడు అమలాపురంలోనూ, రాజోలులోనూ కోడళ్లు, కూతుళ్లు ఇంట్లో కూర్చునే ఉద్యోగాలు చేస్తున్నారు. అందుకే ఈ దీపాల సంగతి మనకి తెలియాలి.

మా వీధిలో ఒకమ్మాయికి కంప్యూటర్లో ఇంటర్వ్యూ. సరిగ్గా వేళకి పెట్టె మీద ఎర్రదీపం! "ఏదో ఒకటి నొక్కితే వస్తుందనుకున్నామమ్మా" అంది వాళ్ల అత్తగారు తర్వాత. పిన్నీసుతో రీసెట్ నొక్కేశారు. దాంతో లైను బాగయినా, మనిషి వచ్చి మళ్లీ సరిచేసేదాకా నెట్ రాలేదు. ఎర్రదీపం అర్థం తెలిసుంటే మొదటి నిమిషంలోనే ఫోను డేటాకి మారిపోయేది కదా!

ఇంతకీ ఏ దీపం ఏమంటుంది?

పవర్: వెలగకపోతే ముందు ప్లగ్గు, స్విచ్చి, అడాప్టరు చూడండి.

పి.ఓ.ఎన్.: నిలకడగా పచ్చగా ఉంటే లైను కలిసినట్టు. మిణుకుమిణుకుమంటుంటే ఇంకా కలవడానికి ప్రయత్నిస్తోందని. రెండు నిమిషాలు ఆగండి.

ఎల్.ఓ.ఎస్.: ఇది వెలగకూడదు. ఎర్రగా మెరుస్తుంటే గాజుతీగలోంచి వెలుతురు అందడం లేదన్నమాట. మన దగ్గర ఈ తీగలు చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి. గాలివానకి కొబ్బరి మట్ట ఒకటి పడితే చాలు, తెగుతుంది. ఇంట్లో మంచంకోడు కింద నలిగినా అంతే. మడత ఉంటే నెమ్మదిగా సరిచెయ్యండి. తగ్గకపోతే ఫోను చేసి "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది" అని చెప్పండి. తీగ పీకి కొసలోకి మాత్రం చూడకండి. అందులోని వెలుగు కంటికి కనపడదు గానీ కంటికి హాని.

లాన్, వైఫై: మినుకుమంటుంటే సమాచారం పోతోందని. కంగారు అక్కర్లేదు.

కంపెనీని బట్టి రంగులు కాస్త మారతాయి, పెట్టెతో ఇచ్చిన పుస్తకం దాచుకోండి.

బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో ఉండే పెద్ద సర్వర్లదీ ఇంచుమించు ఇదే భాష. పచ్చ అంటే క్షేమం, నారింజ అంటే హెచ్చరిక, ఎరుపు అంటే ప్రమాదం. చాలా కంపెనీల సర్వర్లలో నీలం దీపం "ఆ మిషను నేనే" అని గుర్తు చూపిస్తుంది. ఒక డిస్కు పాడైనా పని ఆగకుండా మిగతావి మోసేలా సర్వర్లని అమరుస్తారు. ప్రమాదం అక్కడే! పని జరుగుతోంది కదా అని నారింజ దీపాన్ని పట్టించుకోకపోతే, ఇంకో డిస్కు కూడా పోయిన రోజున లెక్కలన్నీ పోవచ్చు.

ఓ చిన్న కాగితం మీద ఈ నాలుగు ముక్కలూ రాసి పెట్టె పక్కనే అంటించండి. కంపెనీ వాళ్ల నంబరు కూడా అక్కడే రాయండి. అవసరం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరున్నా చూసుకోగలుగుతారు.