మందం పొట్టలో, మూలం మెడలో

మా అమ్మకు మూడేళ్లపాటు పొట్టే శత్రువైంది. నాలుగు రోజులకోసారి గాని విరేచనం కాదు. రెండు ముద్దలు తింటే కడుపు బిగుసుకుపోయేది. ఆముదం తాగింది, త్రిఫల చూర్ణం తిన్నది, సునాముఖి కషాయం కాచుకుంది. తిండి తగ్గినా ఒళ్లు పెరిగింది. వేసవి రాత్రి కూడా దుప్పటి కప్పుకునేది. "వయసు మీద పడుతోంది గదా" అన్నాడు నాన్న. జంతుశాస్త్రం చదువుతున్న నాకూ ఏమీ తట్టలేదు. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను. చివరికి రక్తపరీక్షలో తేలింది, థైరాయిడ్ గ్రంథి మందగించిందని.

మెడ ముందుభాగాన, శ్వాసనాళాన్ని అంటిపెట్టుకొని సీతాకోకచిలుక ఆకారంలో వుంటుందీ గ్రంథి. ఆహారంలోని అయోడిన్‌తో థైరాక్సిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. దీన్ని 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ స్ఫటికరూపంలో వేరుచేశాడు. శరీరంలో కణాలు ఎంత జోరుగా పనిచెయ్యాలో చాలావరకు నిర్ణయించేది ఇదే.

మరి మెడకూ పొట్టకూ సంబంధమేమిటి? పేగు గోడల్లోని కండరాలు అలలు అలలుగా ముడుచుకుంటూ ఆహారాన్ని ముందుకు తోస్తాయి. థైరాక్సిన్ తగ్గితే ఆ అలలు నీరసిస్తాయి. జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమై ఉబ్బరం వస్తుంది. పెద్దపేగులో మలం ఎక్కువసేపు నిలిచిపోతుంది. నిలిచినకొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం గట్టిపడుతుంది. పిత్తాశయం కూడా బద్ధకిస్తుంది. ఇలాంటి పేగుకు విరేచనాల మందు పొయ్యడమంటే మేత లేని ఎద్దును ముల్లుగర్రతో పొడవడమే. నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. అలాగని మలబద్ధకమల్లా థైరాయిడ్ వల్లనే అనుకోకండి. దానికి తోడు చలి, నీరసం, బరువు పెరగడం వుంటే మాత్రం టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించడం మంచిది. థైరాయిడ్ పని తగ్గినకొద్దీ దాన్ని అదిలించడానికి పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను ఎక్కువగా వదులుతుంది. అందుకే సాధారణంగా జబ్బు ముదిరితే ఆ అంకె పెరుగుతుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. రెండు నెలలు మాత్రలు మింగినా అమ్మకు ఆ అంకె దిగలేదు. ఆరా తీస్తే, కాఫీతో, ఎముకల కోసమిచ్చిన కాల్షియం బిళ్లతో కలిపి వేసుకుంటోంది. ఆస్పత్రిలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. థైరాక్సిన్ మాత్ర చిన్నపేగు గుండానే రక్తంలో కలవాలి. కాఫీ దానికి అడ్డు తగులుతుంది, కాల్షియం దాన్ని పట్టి వుంచుతుంది. పరగడుపున వట్టి నీళ్లతో వేసుకొని, కాఫీకైనా ఫలహారానికైనా అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ బిళ్లలకు నాలుగు గంటల ఎడముండాలి.

ఇప్పుడు అమ్మ తెల్లారగట్ల మాత్ర వేసుకొని గేదెల దగ్గరికి వెళుతుంది. పాలు పితికి, పేడ తీసి వచ్చేసరికి గంట దాటుతుంది. అప్పుడు గాని పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టదు.