లకుముకి పిట్టకు తెలియకుండా...

ఉయ్యూరు చుట్టుపక్కల కాలువ మీదికి వంగిన కొమ్మపై లకుముకి పిట్టను చూసే ఉంటారు. నాలుగడుగులు ముందుకు వేశామా, తుర్రుమంటుంది!

కెమెరాను స్టాండుపై నిలిపి, దూరంగా చెట్టుచాటున మీట నొక్కితే? చవకరకం వైర్‌లెస్ రిమోట్ పని అదే. చేతిలోని ప్రేషకం రేడియో తరంగాలను పంపుతుంది. కెమెరాకు తగిలించిన గ్రాహకం వాటిని అందుకుని తీగలు కలుపుతుంది, అంతే! మీట సగం నొక్కితే ఫోకస్ తీగ, పూర్తిగా నొక్కితే షట్టర్ తీగ. కాలింగ్ బెల్ స్విచ్చి లాంటిదే గదా, అందుకే చవక.

టీవీ రిమోట్‌లా పరారుణ కిరణాలతో పనిచేసేవి ఎండలో తడబడతాయి. రేడియో రకానికి ఆకుల చాటు అడ్డు కాదు.

గూటి దగ్గర మాత్రం కెమెరా పెట్టకండి. తల్లి జడిసి రాకపోతే పిల్లలు పస్తే! కొమ్మకే ముందుగా ఫోకస్ కుదిర్చి, ఆటోఫోకస్ ఆపేయండి. లేకుంటే పిట్టకు బదులు వెనకాల వరిచేను స్పష్టంగా పడుతుంది.