కాముని పున్నమ

ఫాల్గుణమాసము వచ్చినదనగా నల్లగొండ, మహబూబునగర ప్రాంతములలో మోదుగుచెట్లు ఆకు రాల్చి నిలువెల్ల ఎఱ్ఱని పూవులు తొడుగును. శుద్ధపక్షమున పల్లెపిల్లలు కోలలు చేతబట్టి, యింటింటి వాకిట జాజిరి పాడుచు ఆడుదురు. గృహిణులు వారికి బియ్యమో, జొన్నలో, పైకమో యిత్తురు. పున్నమిరాత్రి కట్టెలు, పిడకలు ప్రోగుచేసి కాముని దహింతురు. మఱునాడు రంగులాట. నేడు హోళీ యను పేరే యెల్లెడల వినవచ్చుచున్నను, మన పెద్దలకిది కాముని పున్నమయే.

ఉత్తరదేశమున ఈ మంటకు ప్రహ్లాదుని మేనత్తయగు హోళిక కథ చెప్పుదురు. మనకిది మదనదహనము. తపస్సుననున్న శివునిపై బాణమెక్కుపెట్టిన మన్మథుడు ఫాలాగ్నికి భస్మమయ్యెను. కాళిదాసు కుమారసంభవమున మూడవ సర్గలో ఈ దహనమును చెప్పి, నాలుగవ సర్గను రతీదేవి విలాపమునకు కేటాయించెను. మన నన్నెచోడకవియు తన కుమారసంభవమున ఈ కథను చెప్పియున్నాడు. మన్మథుడు దేహమును గోల్పోయి అనంగుడయ్యెనే కాని నశింపలేదు. కోరిక చావనక్కఱలేదు, హద్దు మీరరాదు. ఈ పండుగ తాత్పర్యమిదియేయని మేము తలంతుము.

రంగులాటయు ప్రాచీనమే. ఏడవ శతాబ్దమున హర్షుడు రచించిన రత్నావళీనాటికలో మొదటి అంకముననే పౌరులు చిమ్మనగ్రోవులతో నీరు చిమ్ముకొనుచు, పరిమళచూర్ణములు చల్లుకొనుచు మదనోత్సవము జరుపుదురు. కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములు జరిపి వసంతరాయడని పేరొందెను.

ఇట్టి వేడుక యితరదేశములందును గలదు. క్రైస్తవులు ఈస్టరునకు ముందు నలువదిదినముల ఉపవాసకాలము పాటింతురు. అది ఆరంభమగుటకు ముందు పలుదేశములలో కార్నివాల్ అను ఉత్సవము జరుగును. మన దేశమున గోవాలో దానిని చూడవచ్చును. వేషములు, ఆటపాటలు, కొలదిదినముల స్వేచ్ఛ, పిమ్మట నియమము. అచ్చటను స్వేచ్ఛకు గడువు గలదు.

మన దేవరకొండ ప్రాంతపు తండాలలో లంబాడీల హోళీ మఱియొక తీరు. గడచిన హోళీ తరువాత పుట్టిన మగబిడ్డకు 'ధూండ్' అను వేడుక జరుపుదురు. స్త్రీలు కఱ్ఱలు చేతబూని పిండివంటల పాత్రను కావలికాయగా, దానిని చేజిక్కించుకొనవచ్చిన పురుషులు దెబ్బలు తిని నవ్వుదురు. ఆ ఆటలో పైచేయి స్త్రీలదే.

పట్టణములందో? నిరుడు మా వీధిలో కొందఱు యువకులు, వలదు వలదని మా అమ్మాయి చెప్పుచుండగనే, ఆమె మొగమునిండ అంగడిరంగు పులిమిరి. రెండుదినములు కన్నులు మండి బిడ్డ నిద్రింపలేదు. కంటిమంట తగ్గినది కాని బెదురు తగ్గలేదు. "ఇకమీద పండుగనాడు తలుపు తీయకమ్మా" అన్నది. జాజిరి పిల్లలకొఱకు మా చిన్ననాట మా అమ్మ తెఱచియుంచిన తలుపు మాకు జ్ఞప్తికి వచ్చినది. తలుపు మూసికొనవలసిన పండుగ పండుగ యగునా?

ఈయేడు మేము మోదుగుపూవులు తెప్పించినాము. కాడలు తీసి, శుభ్రముగ కడిగి, నీటిలో మరిగించి, రాత్రియంతయు నాననిచ్చి, ఉదయమున పలుచని గుడ్డతో వడియగట్టిన చక్కని నారింజవన్నె నీరు వచ్చును. చల్లుకొను సమయమున కన్నులలో పడకుండ చూచుకొనవలెను. మా వారును బడిపిల్లలకు ఒక మాట చెప్పియున్నారు: వలదన్నవారిపై రంగు చల్లరాదు. సోదరీమణులారా, మీ కుమారులకును, మఱదులకును ఆ మాట మీరును చెప్పుడు. మా వాకిట రంగునీటి బిందె సిద్ధముగనున్నది. తలుపు తీయుటయా మానుటయా యన్నది మా అమ్మాయి యిష్టమునకే విడిచితిమి.