దావాలలో జాప్యము - పైకోర్టు సహాయము



విత్తుటకు అదనున్నట్లే న్యాయమునకును అదను కలదు. గట్టు తగాదాపై దావా వేసి, వాయిదాలకు తిరుగుచు, రెండు పంటకాలములు భూమిని బీడు పెట్టిన సభ్యుడొకడు నాతో, "అయ్యా, పైకోర్టుకు పోయినచో క్రింది జడ్జిగారికి కోపము రాదా?" అనెను. ఈ భయము వలదు. జాప్యమును గూర్చి మొఱపెట్టుకొనుట నింద గాదు. చట్టము చూపిన త్రోవయే.

1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, 227వ అధికరణముచే, క్రింది కోర్టులపై పర్యవేక్షణాధికారమును హైకోర్టునకు ఒసగినది. 2019 జనవరి 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశమునకు అమరావతిలోను, తెలంగాణమునకు హైదరాబాదులోను వేర్వేరు హైకోర్టులు కలవు. ప్లీడరుగారి ద్వారా అచ్చట సివిల్ రివిజను పిటిషను దాఖలు చేయవచ్చును. అట్టి పిటిషనుపై హైకోర్టు గట్టు ఎవరిదో తేల్చదు. దావాను త్వరగా విచారింపుమని మాత్రమే ఉత్తరువు చేయును.

అడిగినవారికెల్ల ఆ ఉత్తరువు దొరకదు. అసాధారణ పరిస్థితులలో తప్ప పైకోర్టులు గడువులు విధింపరాదని 2024 ఫిబ్రవరి 29వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తెలిపినది. ఇది న్యాయమే. వరుస తప్పించి ఒకని మడికి నీరు మళ్లించినచో, మఱియొకని మడి ఎండును గదా! పైకోర్టుకు పోలేని పేదవాని దావా అట్లే వెనుకబడును.

కావున ముందుగా, త్వరగా విచారింపుమని క్రింది కోర్టులోనే పిటిషను వేయవలెను. పిమ్మట వాయిదాల వివరమున్న డాకెట్టు నకలు తీసికొని, ఏ వాయిదా ఎవరు కోరిరో చూడవలెను. విచారణలో ఒక పక్షమునకు మూడింటికి మించి వాయిదాలీయరాదని సివిల్ ప్రొసీజరు కోడు 17వ ఆర్డరు చెప్పుచున్నది. వాయిదాలు మనమే కోరియున్నచో పైకోర్టులో మన మొఱకు బలముండదు.

రెండు సందర్భములలో చట్టమే గడువు చూపినది. మన మాట వినకమునుపే ఎదుటివారికి ఇంజంక్షను ఇచ్చినచో, 30 దినములలో దానిని తేల్చుటకు కోర్టు యత్నింపవలెను. తేల్చనిచో అప్పీలు చేసికొనవచ్చునని 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇక డిక్రీ అమలు పిటిషను దాఖలైన ఆరు మాసములలో ముగియవలెననియు, మించినచో కారణములు వ్రాయవలెననియు 2021లో ఆదేశించినది.

ఖర్చునకు వెఱవవలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో పని లేక ఉచిత సహాయము లభించును. ఇరుపక్షములు సమ్మతించినచో లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చును. కోర్టు ఫీజు తిరిగి వచ్చును.

పైన చెప్పిన సభ్యుడు నకలు తెప్పించి చూడగా, సగము వాయిదాలు తన పక్షము కోరినవే! ఇప్పుడాతడు ప్రతి వాయిదాను, దాని కారణమును పంట లెక్కల పుస్తకములోనే వ్రాసికొనుచున్నాడు. మీరును అట్లే చేయుడు. పైకోర్టు మెట్లు ఎక్కువానికి ఆ పుస్తకమే చేతికఱ్ఱ.