ఒక విజిల్ ఆగు, రెండు విజిళ్లు పో

"బాడీ లాంగ్వేజ్ మీద ముఖచిత్ర కథనం కావాలి. ప్లేస్‌మెంట్ల సీజను కదా, పిల్లలు చదువుతారు. గురువారం సాయంత్రానికి పేజీలు వదిలేయాలి" అన్నారు ఎడిటర్‌గారు. ఇంటర్వ్యూ గదిలోకి ఎలా నడవాలి, కుర్చీలో ఎంత ముందుకు వంగాలి, చేతులు కట్టుకుంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారు... ఈ సరుకు మీద నాకు మొదటినుంచీ గురి లేదు. ఫోన్ చేసిన శిక్షకులంతా ఒకే మూడంకెలు అప్పజెప్పారు. మన మాట ప్రభావంలో పదాలది 7 శాతమట, గొంతుది 38, ముఖానిది 55. వీటితో నాలుగు పేజీలు నింపేదెలాగా అనుకుంటుండగా హనుమకొండ వైపు చదివే ఓ ఇంజినీరింగ్ అమ్మాయి ల్యాబ్ రికార్డు చేతికొచ్చింది. తన పేరు వద్దంది, కాలేజీ పేరూ వద్దంది. రెండూ రాయడం లేదు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్ ఒకటి ఉంటుంది, మూడో ఏడాది 'అడ్వాన్స్‌డ్ కమ్యూనికేషన్ స్కిల్స్' ల్యాబ్ ఇంకొకటి. ల్యాబ్ అన్నాక రికార్డు తప్పదు కదా. ఫిజిక్స్ రికార్డులాగే దీనికీ ఓ పక్క గీతల పేజీ, ఓ పక్క బొమ్మల కోసం తెల్ల పేజీ. గ్రూప్ డిస్కషనూ మాక్ ఇంటర్వ్యూ లాంటివి అందరూ ఒకరి దాంట్లోంచి ఒకరు ఎక్కించుకున్నవే. ఈ అమ్మాయి రికార్డులోనూ అవి అలాగే ఉన్నాయి. 'ఏదైనా ఒకచోట కూర్చుని, నోటితో కాకుండా మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో గమనించి రాయండి' అన్న అసైన్‌మెంటు దగ్గర మాత్రం చేతిరాత కూడా మారిపోయింది.

వాళ్లమ్మ ఆర్టీసీ కండక్టర్. అమ్మ డ్యూటీలో ఉన్న పల్లెవెలుగు బస్సెక్కి, హనుమకొండ నుంచి పరకాల దాకా వెళ్లొచ్చింది. తెల్ల పేజీ మీద పెన్సిల్‌తో బస్సు గీసింది. సీట్లకు నంబర్లు వేసి, నిలబడ్డవాళ్లకు చుక్కలు పెట్టింది. ఎదుటి పేజీలో ఫిజిక్స్ పద్ధతిలోనే 'పరికరాలు' అని రాసి, కింద: 'రెండు కళ్లు, ఒక పెన్ను, కండక్టర్ సీటు వెనక సీటు'.

రికార్డంతా ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగు చేసి చెబుతున్నాను.

మొదట ఆధార్ కార్డు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టిస్తారు. కార్డు పట్టుకునే తీరులోనే మనిషి తెలుస్తుందని ఈ అమ్మాయి లెక్క. పాలిథిన్ కవర్లో పెట్టుకున్న ముసలమ్మలు బస్సెక్కకముందే దాన్ని మొహానికి ఎదురుగా ఎత్తుతారు. కాలేజీ పిల్లలు కిటికీలోంచి చూపు తిప్పకుండానే ఫోన్‌లో బొమ్మ చూపిస్తారు. చీర కొంగుకు ముడేసుకున్న ఒకామె ముడి విప్పేదాకా కండక్టర్ ఆగింది; ముడి విప్పేటప్పుడు ఎవరూ తొందరపెట్టరని పక్కనే రాసుంది.

తర్వాత నోటు. వెనక మెట్టు దగ్గర నిలబడ్డ మగమనిషి ఇరవై నోటును నిలువుగా మడిచి ముందున్నవాడి భుజం మీద తడతాడు. అది నలుగురి చేతులు మారి కండక్టర్‌ను చేరుతుంది. టికెట్టూ చిల్లరా అదే దారిన వెనక్కి వెళతాయి. మధ్యలో చేతులు చాచినవాళ్లకు పంపినవాడి మొహం కూడా తెలియదు.

నన్ను కట్టిపడేసింది మూడోది. ఆడవాళ్ల సీట్లో ఒకాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒకామె వచ్చి నిలబడింది. ఆయన్ని లేపలేదు, కిటికీ పైనున్న 'స్త్రీలకు' అన్న అక్షరాల వంక చూస్తూ ఉండిపోయింది. ఆయన కళ్లు తెరవలేదు. ఇక్కడ రికార్డులో ఉన్న మాట ఇది: 'నిజంగా నిద్రపోయినవాడి తల గుంతకు గుంతకూ ఊగుతుంది. ఇతని మెడ బిగిసి ఉంది.' బాడీ లాంగ్వేజ్ పుస్తకాల్లో కనుబొమల గురించీ అరచేతుల గురించీ చదివాను కానీ, మెడ చూసి దొంగ నిద్ర పట్టుకున్నవాళ్లను చూడలేదు. ఆఖరికి కండక్టర్ ఆయన భుజం తట్టి, గొంతు పెంచకుండా "అన్నా, లెవ్వరాదె" అంది. లేచాడు. నిద్రమత్తేమీ లేదు.

వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. "నా మీదనే రాసిందట. నాకు చూపియ్యలే మేడం. చూపిచ్చినా ఇంగ్లిష్‌ల ఉన్నది, నాకేం సమజైతది?" అని నవ్వింది. విజిల్ సంగతి అడిగితే, "ఒకటేస్తే ఆగాలె, రెండేస్తే పోవాలె. డ్రైవర్‌కు నా మొఖం కనవడదు గద" అంది. ఆ మాట రికార్డులోనూ ఉంది.

ఇక చరిత్ర, జాగా ఉన్నంత మేర. అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాట్యశాస్త్రం ఎప్పుడో విడదీసి పెట్టింది. మనుషులూ జంతువులూ ఉద్వేగాలను ఎలా వ్యక్తం చేస్తారో డార్విన్ 1872లో ఒక పుస్తకమే రాశాడు. రే బర్డ్‌విజిల్ 1952లో కదలికల అధ్యయనానికి 'కైనెసిక్స్' అని పేరు పెట్టాడు. ఎడ్వర్డ్ హాల్ 1966లో మనిషికీ మనిషికీ మధ్య దూరాన్ని కొలిచాడు. 7, 38, 55 అంకెలు 1967లో కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు అధ్యయనాలవి. ఆయన వినిపించినవి విడి మాటలు. ఒకదాంట్లోనైతే 'మేబీ' అన్న ఒక్క మాటను రకరకాల గొంతులతో, ముఖాల ఫొటోలతో కలిపి, మాట్లాడేవాళ్లకు ఇష్టమా అయిష్టమా అని అడిగాడు. ఇష్టాయిష్టాల సంగతి దాటితే ఈ సూత్రం వర్తించదని ఆ తర్వాత ఆయనే చెప్పాడు. వినేదెవరు?

బాక్సు: నిమిషం ఆట

ల్యాబ్‌లో పిల్లల్ని వణికించే 'జామ్' బీబీసీ రేడియోలో 1967లోనే మొదలైన 'జస్ట్ ఎ మినిట్' అన్న హాస్య కార్యక్రమం. తడబడకూడదు, చెప్పిందే చెప్పకూడదు, విషయం దాటకూడదు. తప్పితే పక్కవాడు పట్టేస్తాడు, అందరూ నవ్వుతారు. మన ల్యాబ్‌ల దాకా వచ్చేసరికి నిమిషం మిగిలింది, నవ్వు పోయింది.

బాక్సు: పద్దెనిమిది అంగుళాలు

హాల్ లెక్కలో 18 అంగుళాల లోపు ఆత్మీయులది. 4 అడుగుల దాకా స్నేహితులది, 12 అడుగుల దాకా పనిమీద వచ్చినవాళ్లది. అది అమెరికా మధ్యతరగతిని చూసి వేసిన లెక్క అని ఆయనే రాశాడు. బస్సు కిక్కిరిసినప్పుడు అందరూ ఆ 18 అంగుళాల్లోనే ఉంటారు. 'అప్పుడు ఎవరూ ఎవరి కళ్లల్లోకీ చూడరు' అని రికార్డు.

ఈ అసైన్‌మెంటు మొదటి పేజీలో 7, 38, 55 ఉన్నాయి, క్లాసు నోట్సులోంచి ఎక్కించినట్టే. 'ఫలితం' అన్న శీర్షిక కింద మాత్రం ఇలా ఉంది: 'పదాల విలువ ఏడు శాతమే అయితే మా అమ్మ ఊరి పేరు అడగకుండానే టికెట్లు కొట్టగలగాలి. ఒక్కటి కూడా కొట్టలేదు. ఆత్మకూరు అనే ఊరికి సైగ లేదు.' దాని పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం. కింద 'ఫార్మాట్ పాటించలేదు' అని ఒక మాట, పదికి ఆరు మార్కులు.

దిద్దిన అధ్యాపకులను తప్పు పట్టను. వాళ్ల ముందు రికార్డుల గుట్ట ఉంటుంది, కళ్లు ఫార్మాటునే వెతుకుతాయి. కానీ నేను దిద్ది ఉంటే పదికి తొమ్మిది వేసేదాన్ని. మొదటి పేజీకి ఒక మార్కు కోత.