పొదుగువాపు వ్యాధిని తొలిదశలో గుర్తించేందుకు చన్నువారీ పాల పరీక్ష

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప ప్రాంతాలలో పంట ఆదాయం ఏడాదిలో కొద్ది నెలలకే పరిమితం. మిగిలిన కాలంలో కుటుంబ ఖర్చులకు గేదె లేదా సంకరజాతి ఆవు ఇచ్చే పాలే ఆధారం. పాల దిగుబడి తగ్గినప్పుడు రైతు ముందుగా మేతను, పత్తిచెక్క నాణ్యతను అనుమానిస్తాడు. అయితే వాపు, నొప్పి, పాలలో విరుగులు లేకుండానే కొనసాగే అంతర్గత పొదుగువాపు కూడా ఇందుకు కారణం కావచ్చు.

చన్నువారీ పరీక్ష ఎందుకు?

పొదుగులోని నాలుగు భాగాలు వేర్వేరు గ్రంథులు. సూక్ష్మజీవులు ఒక భాగంలో ప్రవేశించినప్పుడు తెల్లరక్తకణాలు అక్కడికి చేరి, ఆ పాలలో దేహకణాల సంఖ్య పెరుగుతుంది. ఆవు పాలలో మి.లీ.కు 2 లక్షల కణాలు మించితే వ్యాధిని అనుమానించాలి. ఉదాహరణకు మూడు భాగాలలో లక్ష చొప్పున, నాల్గవ భాగంలో 8 లక్షల కణాలు ఉన్నాయనుకొందాం. నాలుగింటి పాలు సమానంగా కలిస్తే సగటు 2.75 లక్షలు. ఆ పాలు మరో 19 ఆరోగ్యవంతమైన పశువుల పాలతో సమపాళ్లలో కలిస్తే సగటు సుమారు 1.09 లక్షలకు దిగుతుంది. సేకరణ కేంద్రంలో ధర కోసం చేసే వెన్న, ఘనపదార్థాల పరీక్ష కూడా వ్యాధి సోకిన చన్నును చూపదు. కనుక పరీక్ష పశువు వద్దనే జరగాలి.

పరీక్షా విధానం

షాల్మ్, నూర్లాండర్ 1957లో రూపొందించిన కాలిఫోర్నియా పరీక్ష ఇందుకు అనువైనది. తొలి ధారలను విడిచి, నాలుగు గిన్నెల పళ్లెంలో ఒక్కొక్క చన్ను నుండి సుమారు 2 మి.లీ. పాలు తీసి, అంతే పరిమాణంలో పరీక్షా ద్రావణం కలిపి 10 సెకన్లు గుండ్రంగా తిప్పాలి. ద్రావణం కణాలను ఛేదించగా వెలువడిన డి.ఎన్.ఏ. జిగురుగా మారుతుంది. జిగురు చిక్కదనమే వ్యాధి తీవ్రతకు సూచిక. ద్రావణం లభించనిచోట అర లీటరు నీటిలో 15 గ్రాముల డిటర్జెంట్ పొడి కలిపిన 3 శాతం ద్రావణాన్ని ప్రాథమిక పరీక్షకు వాడవచ్చు. పరీక్షించిన పాలను పారబోయాలి.

ఈనిన తొలి రోజులలోను, వట్టిపోయే దశలోను కణాలు సహజంగానే అధికంగా ఉంటాయి. ఆ ఫలితాలను జాగ్రత్తగా అన్వయించాలి.

తదుపరి చర్యలు

జిగురు ఏర్పడిన చన్ను పాలను శుభ్రమైన సీసాలో, మంచులో ఉంచి ప్రయోగశాలకు పంపాలి. సూక్ష్మజీవిని నిర్ధారించిన తరువాతే పశువైద్యుని సలహాపై యాంటీబయోటిక్ వాడాలి. నిర్ణీత గడువు ముగిసే వరకు ఆ పశువు పాలు అమ్మరాదు. వ్యాధిగ్రస్త పశువును చివరగా పితకాలి. పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచాలి. చనురంధ్రం మూసుకొనేవరకు, అంటే సుమారు అరగంట, పశువు పడుకోకుండా మేత వేయాలి.

మిరప కోతల కాలంలో ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే పొలానికి వెళ్లవలసి రావడంతో పాలు పితికే పని హడావిడిగా సాగుతుంది. నెలకొకసారి ఈ కొద్ది నిమిషాల పరీక్షను రైతు మహిళల చేత స్వయంగా చేయించడమే విస్తరణ సిబ్బంది చేపట్టవలసిన ముఖ్య కర్తవ్యం.